చుక్కల ఇంగ్లీషు

ఆ వసంతంలో మా నూడుల్స్ కొట్టు వెనక గదిలో కూర్చుని ముగ్గురు పిల్లలకి ఇంగ్లీషు చదివి వినిపించాను. ఆ భాష నాకు ఒక్క ముక్క రాదు. ఇప్పటికీ రాదు.

లాంతర్ల పండగ రోజు భోజనాల దగ్గర మొదలైంది ఆ గొడవ. మా బావగారు షువాంగ్‌లిన్ ఆ రోజు మా ఇంటికి వచ్చారు. మా ఆయన చాంగ్‌గెన్‌కి ఆయన అన్న. పుట్టుకతోనే చూపు లేదు. మా ఊరు షావోయాంగ్‌లో నది వంతెన దిగగానే ఎదురయ్యే ఒళ్ళుపట్టే దుకాణం ఆయనదే. అందులో పనిచేసేవాళ్ళందరూ చూపులేనివాళ్ళే. అమ్మానాన్నలు పోయాక మా ఆయన్ని పెంచి పెద్దచేసింది ఆయన. మా కొట్టున్న ఇల్లు కూడా ఆయన పేరు మీదే ఉంది. అందుకని మా ఇంట్లో ఆయన మాటకి తిరుగు ఉండేది కాదు.

"సూహుయీ, చాంగ్‌షా బడిలో మాట్లాడేశాను," అన్నారు మా అమ్మాయితో, గిన్నెలో మాంసం ముక్క వెతుక్కుంటూ. "శరత్కాలంలో ఒళ్ళుపట్టే కోర్సులో చేరు. అది అయ్యాక నా దుకాణం ఎలాగూ ఉంది. నీ చేతులు నా చేతుల కంటే మంచివి."

సూహుయికి కూడా పుట్టినప్పటి నుంచి చూపు లేదు. అప్పుడు ఊళ్ళో ప్రత్యేక పాఠశాలలో తొమ్మిదో తరగతి చదువుతోంది.

"నేను వెళ్ళను పెదనాన్నా," అంది.

మా ఆయన గిన్నెలోంచి తల ఎత్తలేదు.

"మరేం చేస్తావు? ఇంట్లో కూర్చుంటావా?"

"హైస్కూలు చదువుతా. ఉత్తరాన సముద్రం పక్క నగరంలో మాలాంటివాళ్ళకి హైస్కూలు ఉంది. మే నెలలో ప్రవేశ పరీక్ష. నేను, మా తరగతి తావ్, చియూ ముగ్గురం రాస్తున్నాం."

బావగారు నవ్వారు. వెక్కిరింపు నవ్వు కాదు. చిన్నపిల్లలు చంద్రుడు కావాలంటే పెద్దవాళ్ళు నవ్వే నవ్వు. "మీ బడి నుంచి ఇదివరకు ఎవరన్నా రాశారా?"

"ఇద్దరు ముగ్గురు రాశారట. ఇంగ్లీషులో పోయింది. చదివి అర్థం చేసుకునే పాఠాలు ఇస్తారు పెదనాన్నా. కథలూ గిథలూ కాదు, మామూలు విషయాలే. గొడుగు ఎలా తయారవుతుంది, పళ్ళు ఎందుకు పుచ్చిపోతాయి, పాలు ఎందుకు విరుగుతాయి, ఇలాంటివి. గబగబా చదివి జవాబులు గుచ్చాలి. మాకు అలవాటు లేదు, అంతే."

"అలవాటు చేసుకోవడానికి పుస్తకాలున్నాయా?"

"ఇంగ్లీషు చెప్పే షి టీచర్ పురిటికి వెళ్తూ ఒకటి ఇచ్చింది. అచ్చు పుస్తకం."

"అచ్చు పుస్తకం!" బావగారు చాప్‌స్టిక్స్ కింద పెట్టేశారు. "బాగుంది. గోడకి కొట్టుకో దాన్ని."

"ఎవరన్నా అక్షరం అక్షరం చెబితే చుక్కల్లో రాసుకుంటాం. రాసుకున్నది వేళ్ళతో చదువుకుంటాం."

"ఫోను చదివిపెడుతుందిగా ఈ రోజుల్లో?"

"ఫోను చదివితే చెవికి వస్తుంది పెదనాన్నా. పరీక్షలో వేలికి రావాలి."

"సరే, ఎవరు చెబుతారు అక్షరాలు? మీ నాన్నా?"

నేను అప్పుడే పొయ్యి మీంచి పులుసు దించి తెస్తున్నాను. "నేను చెబుతా," అన్నాను.

బావగారు నా గొంతు వచ్చినవైపు మొహం తిప్పారు. "నీకు ఇంగ్లీషు వచ్చా యూన్‌లాన్?"

"రాదు బావగారూ. ఆ అక్షరాలు గుర్తుపడతాను, బడిలో మన మాటల పలుకు నేర్పింది వాటితోనేగా."

ఆయన మళ్ళీ చాప్‌స్టిక్స్ అందుకున్నారు. కాని వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర మా ఆయన భుజం తట్టి, "పిల్ల సంగతి నువ్వు చూసుకో. ఆడవాళ్ళు ఉత్సాహం మీద ఏదో ఒకటి అంటారు," అన్నారు, నాకు వినబడేలా.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల రద్దీ తగ్గగానే ముగ్గురూ వచ్చి వెనక గదిలో మిరపకాయల బస్తాల పక్కన కూర్చున్నారు. తావ్ భారీ మనిషి, స్టూలు మీద పట్టడు. వాడు నోరు తెరిస్తే జోకే. చియూ సన్నగా, కుదురుగా ఉండేది. వాళ్ళ నాయనమ్మ ఇచ్చిన అల్లిన టోపీ తీసేది కాదు. ముగ్గురి ఒళ్ళోనూ ఇనప పలకలు, చేతుల్లో మేకు లాంటి పుల్లలు. ఆ పుల్లతో కాగితం మీద గుచ్చితే వెనకవైపు చుక్కలు పైకి లేస్తాయి.

నేను పుస్తకం తెరిచి గొంతు సవరించుకున్నాను. "బొ... ఖాళీ... పొ..."

"పిన్నీ, ఆగు ఆగు!" తావ్ పొట్ట పట్టుకున్నాడు. "అవి బడిలో మన భాషకి నేర్పిన పలుకులు. ఇంగ్లీషువాళ్ళు అలా అనరు. బి అనాలి. పి అనాలి."

"అక్షరం అదే కదరా?"

"అక్షరం అదే. పేరు వేరు. చిన్నప్పుడు నన్ను ఇంట్లో బొద్దోడా అనేవాళ్ళు, బడిలో యిన్ తావ్ అంటున్నారు కదా, అలాగ."

ఆ మొదటి మధ్యాహ్నమంతా పాఠం నాకే అయింది. సూహుయి అక్షరాల పేర్లు చెబుతుంటే, నేను వాటి పక్కన మా లిపిలో చిన్నగా రాసి గోడకి అంటించుకున్నాను. జి, జె, జెడ్ మూడూ నాకు ఒకలాగే వినిపించేవి. హెచ్ అనడానికి నాలిక తిరిగేది కాదు, దగ్గినట్టు వచ్చేది. వారం తిరిగేసరికి గోడ చూడకుండానే చెప్పగలిగాను. అక్షరం, అక్షరం, ఖాళీ. పెద్దక్షరం. కామా. చుక్క. వాళ్ళ పుల్లలు వాననీళ్ళు రేకు మీద పడ్డట్టు టకటకలాడేవి. అయ్యాక కాగితాలు తిప్పుకుని, వేళ్ళు జరుపుతూ మళ్ళీ మొదటి నుంచి చదివేవాళ్ళు. అప్పుడు గది నిశ్శబ్దంగా ఉండేది. తావ్ కూడా మాట్లాడేవాడు కాదు.

నేను పులుసులో అల్లం ముక్కలా ఊరికే ఒక పక్కన పడి ఉండటం ఇష్టం లేక, "ఏముందర్రా అందులో?" అని అడిగేదాన్ని.

ఒకరోజు ఉల్లిపాయ మీద పాఠం వచ్చింది. ఓ, ఎన్, ఐ, ఓ, ఎన్. ఈ మాట ఎన్నిసార్లు వచ్చిందో, చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

"కోసినప్పుడు కళ్ళు ఎందుకు మండుతాయో రాశాడమ్మా," అంది సూహుయి వేలు జరుపుతూ. "కోస్తే ఒక గాలి వస్తుందట. అది కంట్లో తడిని తాకి పులుపుగా మారుతుందట. చల్లటి చోట పెట్టి కోస్తే తగ్గుతుందట."

"చల్లటి చోటు ఎందుకు? కత్తి పదునుగా ఉంటే చాలు."

"అదీ రాశాడు. చివర్లో."

"మరి ముందే రాయొచ్చుగా! ఇంతసేపు చెప్పించాడు."

"పిన్నీ, నాకో సందేహం," అన్నాడు తావ్. "మా కళ్ళు పనిచెయ్యవు కదా, మరి ఉల్లిపాయ కోస్తే మాకెందుకు నీళ్ళొస్తాయి? ఆ ఉల్లిపాయకి ఎవరూ చెప్పలేదా?"

చియూ నవ్వు ఆపుకోలేక పుల్ల జారవిడిచింది.

కొన్ని పాఠాల్లో బొమ్మలుండేవి. 'బొమ్మ చూసి జవాబు రాయండి' అని ఉంటుందట. అది వేలికి తగలగానే సూహుయి మొహం ముడుచుకునేది. రాతి కమాను వంతెన ఎందుకు కూలిపోదో చెప్పే పాఠం వచ్చినప్పుడు, నేను పిండిముద్దతో చిన్న కమాను చేసి, ముక్కలుగా కోసి, ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి వాళ్ళ వేళ్ళ కింద పెట్టాను. చియూ నెమ్మదిగా తడిమి, మధ్య ముక్క ఒకటి తీసేసింది. మిగతాది దబ్బున కూలింది. "ఓహో," అంది. ఆ 'ఓహో' వినడం కోసం నేను రోజూ పిండి కొంచెం ఎక్కువ కలపడం మొదలుపెట్టాను.

కొట్టులో మాత్రం నా పరువు పోయింది. ఎవరైనా కేకేస్తే గదిలోంచి పరుగెత్తుకొచ్చి, నోట్లో ఉన్న అక్షరాలు మరచిపోకూడదని గొణుక్కుంటూ గిన్నెలు నింపేదాన్ని. ఇటుకల లారీ తోలే లూ ఒకసారి, "వదినా, గొడ్డుమాంసం నూడుల్స్ ఒకటి, కారం ఎక్కువ," అన్నాడు. నేను పొయ్యివైపు తిరిగి, "టి, హెచ్, ఇ, ఖాళీ!" అని అరిచాను. లూ ఆ వారమంతా అదే పేరుతో నూడుల్స్ అడిగాడు.

మా ఆయన నవ్వలేదు. అడ్డూ చెప్పలేదు. ఎముకలు ఉడకబెట్టేవాడు, గిన్నెలు కడిగేవాడు. వెనక గది గుమ్మం వైపు మాత్రం చూసేవాడు కాదు.

వసంతం వానలు మొదలయ్యాక హెడ్‌మాస్టరు తల్లిదండ్రుల్ని పిలిపించాడు. చెడ్డవాడని నేను అనను. చాలా ఏళ్ళుగా ఆ బడిని ఈడ్చుకొస్తున్న మనిషి. టీ పోయించి, మర్యాదగా కూర్చోబెట్టి చెప్పాడు.

"మే నెలలో పరీక్షకి వెళ్తే, ఒళ్ళుపట్టే కోర్సుల సీట్లు ఆలోపు నిండిపోతాయి. అక్కడా రాక, ఇక్కడా లేక పిల్లలు ఇంట్లో మిగిలిపోతారు. ఇలా మిగిలిపోయినవాళ్ళని నేను చూశాను. మంచం మీద రేడియో పెట్టుకుని ఉంటారు. మా బడి నుంచి ఇంతవరకు ఎవరూ వెళ్ళలేదమ్మా. ఎందుకీ ఆశ పెట్టడం?"

"మీరు వాళ్ళకి ఇంగ్లీషు ఎంత చెప్పారు సార్?" అన్నాను.

"వారానికి ఒక గంట. ఉన్న టీచరు ఒక్కతే. ఆవిడ కూడా సెలవులో ఉంది."

"మరి వెళ్ళలేదంటే తప్పు పిల్లలదా?"

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు వంటమనిషి. ఏం చదువుతున్నారో మీకే తెలియదు. మీ వల్ల వాళ్ళకి తప్పులు అలవాటవుతాయి."

"తప్పు చెబితే వాళ్ళే దిద్దుతున్నారు సార్. నేను నోటిని అద్దెకిచ్చాను, అంతే."

తావ్ వాళ్ళ నాన్న, నది మీద ఇసుక పడవ తోలే మనిషి, "మావాడు రాస్తాడు. ఓడిపోతే పడవలో కూర్చోబెట్టుకుంటా," అని లేచిపోయాడు. కాని చియూ నాయనమ్మ భయపడింది. చియూకి అమ్మ లేదు, నాన్న దక్షిణాన ఫ్యాక్టరీలో ఉంటాడు. ఆవిడ కళ్ళొత్తుకుంటూ నా చెయ్యి పట్టుకుని, "నేను పోయేలోపు అది తన కాళ్ళ మీద నిలబడితే చాలమ్మా," అంది. ఆ సాయంత్రమే చియూని తీసుకెళ్ళి మా బావగారి దుకాణంలో పని నేర్చుకోవడానికి పెట్టేసింది.

ఆ రాత్రి సూహుయి అన్నం ముట్టలేదు. మర్నాడు చియూ దగ్గర నుంచి ఫోను వచ్చింది. "పిన్నీ, మధ్యాహ్నం ఇక్కడ అందరూ పడుకుంటారు. ఫోను చెవిలో పెట్టుకుంటా. నువ్వు చెబుతూ ఉండు, నేను రాసుకుంటా."

అలా ముగ్గురూ మళ్ళీ ముగ్గురే అయ్యారు. చియూ మాత్రం బస్తా మీద పెట్టిన ఫోనులో ఉండేది.

ఇది మూడు వారాలో నాలుగు వారాలో బాగానే సాగింది. తర్వాత ఒకరోజు మధ్యాహ్నం మా బావగారు కర్ర నేలకేసి కొడుతూ కొట్టులోకి వచ్చారు. అప్పటికి ఇంకా నలుగురైదుగురు తింటున్నారు.

"యూన్‌లాన్ ఎక్కడ?"

"ఇక్కడే ఉన్నాను బావగారూ. కూర్చోండి, టీ తెస్తాను."

"టీ వద్దు. ఈ రోజు నా దుకాణంలో ఏం జరిగిందో తెలుసా? టాక్సు ఆఫీసాయన వీపు పట్టించుకోడానికి వచ్చాడు. చియూకి అప్పజెప్పాను. కాసేపటికి ఆయన నన్ను పిలిచి, 'ఇదేం పద్ధతండీ కొత్తగా? వేళ్ళతో టపాటపా పొడుస్తోంది, మధ్యలో ఆగి ఆలోచిస్తోంది,' అన్నాడు. పిల్ల ఆయన వీపు మీద ఇంగ్లీషు రాస్తోంది!"

లారీ లూ నూడుల్స్ ముక్కులోకి పోయి దగ్గాడు. గదిలోంచి తావ్ గొంతు వచ్చింది: "ఏ పాఠమో అడిగారా పెదనాన్నగారూ?"

"నోర్ముయ్!" అన్నారు బావగారు. "నవ్వులాటగా ఉందా మీకు? నాకు ఈ చేతులే అన్నం పెట్టాయి. ఈ కొట్టు ఈ చేతులు పెట్టింది. నీ తమ్ముణ్ణి ఈ చేతులు పెంచాయి... కాదు, నా తమ్ముణ్ణి." కోపంలో ఆయన మాట తడబడింది. "చూపున్నవాళ్ళ లోకంలోకి పోయి, ఎదురైన ప్రతి తలుపుకీ తల బాదుకుని, చివరికి మళ్ళీ నా గుమ్మంలోకే రావాలి మీరు. నేను చూడలేదా? పదహారేళ్ళప్పుడు రేడియోలో మాట్లాడతానని ఆ స్టేషను మెట్ల మీద మూడు రోజులు కూర్చున్నాను. ఉచితంగా ఒక రొట్టె ఇచ్చి పంపించారు."

ఆ సంగతి ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు ఆయన. మా ఆయన పొయ్యి దగ్గర గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

సూహుయి గదిలోంచి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది.

"పెదనాన్నా, మీ చేతుల్ని నేను తక్కువ చెయ్యలేదు. మీ పని తక్కువని ఎప్పుడూ అనలేదు. నా చేతులు మంచివని నా చిన్నప్పటి నుంచి అందరూ అంటున్నారు. ఆ పని నాకిష్టమా అని ఒక్కళ్ళు కూడా అడగలేదు."

"ఇష్టాలు!"

"మీరు మెట్ల మీద కూర్చున్నది ఇష్టం కాక మరేంటి?"

బావగారి మొహం ఎర్రబడింది.

"ఆ పరీక్షకి వెళ్తే నా దుకాణంలో నీకు చోటు లేదు. ఈ వెనక గది నాది. రేపటి నుంచి నా దుకాణం సామాను అక్కడ ఉంటుంది. ఇంగ్లీషు ఉండటానికి వీల్లేదు."

"గది తీసుకోండి బావగారూ," అన్నాను. "తాళం కూడా వేసుకోండి. నోరు మాత్రం నాది."

మర్నాడు వాన పడుతోంది. నేను కొట్టు ముందు, వీధిలోకి చాచిన రేకు కింద రెండు స్టూళ్ళు వేశాను. ఒకవైపు పొయ్యి, ఇంకోవైపు పారే కాలువ. బండ్లు హారన్లు కొడుతుంటే అక్షరాలు అరిచి చెప్పాల్సి వచ్చేది. దారిన పోయేవాళ్ళు గొడుగుల కింద ఆగి చూసేవాళ్ళు. ఒకావిడ ఇది ఏదో కొత్త మతమనుకుని దణ్ణం పెట్టి వెళ్ళింది. కాగితాలు తడిసి చుక్కలు అణిగిపోతే మళ్ళీ గుచ్చుకునేవాళ్ళు. చియూ ఫోనులో, "పిన్నీ, బస్సు కింద ఒక అక్షరం పోయింది," అనేది. నేను మళ్ళీ చెప్పేదాన్ని.

వానలు తగ్గుతున్న ఒక మధ్యాహ్నం, లారీవాళ్ళు గుంపుగా దిగారు. పాఠం సగంలో ఉంది. సైకిలు బ్రేకులు ఎలా పనిచేస్తాయో చెప్పే పాఠం. నేను పుస్తకం స్టూలు మీద బోర్లించి లోపలికి పరుగెత్తాను. నూడుల్స్ వేడినీళ్ళలో వేసి, గిన్నెలు వరసగా పెట్టి, ఉల్లికాడలు చల్లుతున్నాను. బయట పుల్లలు ఇంకా టకటకలాడుతున్నాయి.

ఆ తర్వాత మా ఆయన గొంతు వినిపించింది.

"ఇది... తలకిందులు ఎం లాగ ఉంది."

"అది డబ్ల్యూ నాన్నా," అంది సూహుయి.

"డబ్ల్యూ. హెచ్. ఇ. ఇ. ఇది పేకముక్కల్లో ఉండదే... ఎల్. ఆగండి, చేతులు తడిగా ఉన్నాయి, కాగితం అంటుకుంటోంది."

నేను కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్తే ఆపేస్తాడేమోనని భయం. లారీవాళ్ళకి వరసగా గిన్నెలు పెట్టాను. ఒకరికి రెండుసార్లు కారం వేశానట. అతను చెమట తుడుచుకుంటూ తినేశాడు.

మే నెల మొదట్లో రైలెక్కాం. తావ్‌తో వాళ్ళ నాన్న వచ్చాడు. స్టేషన్లో జనం మధ్య చియూ కర్ర తడుముకుంటూ ఒక్కతే వచ్చింది, టోపీ పెట్టుకుని, భుజానికి సంచితో. నేను ఎదురెళ్ళి చెయ్యి పట్టుకున్నాను.

"దుకాణంలో చెప్పి వచ్చావా?"

"పెదనాన్నగారికి చెప్పాను పిన్నీ."

"ఏమన్నారు?"

"'పో' అన్నారు."

"ఎలా అన్నారు? కోపంగానా?"

చియూ ఆలోచించింది. గొంతులు చదవడంలో ఆ పిల్లని మించినవాళ్ళు లేరు. "తెలియలేదు పిన్నీ. మొహం అటు తిప్పుకుని అన్నట్టున్నారు."

పరీక్ష హాలు బయట ఎండలో నేను, పడవ తోలేవాడు ఒక గోడ పక్కన కూర్చున్నాం. అతను సిగరెట్టు వెలిగించుకోవడం, ఆర్పడం, మళ్ళీ వెలిగించుకోవడం. బయటికొచ్చాక సూహుయి చెప్పింది: లిఫ్టు గురించి ఒకటి, బూజు పట్టిన రొట్టె గురించి ఒకటి, గురక గురించి ఒకటి ఇచ్చారట. "ఇంగ్లీషు పూర్తి చేశానమ్మా. అన్నీ చదివాను. సమయం మిగిలింది కూడా." ఆ మాట అనేటప్పుడు దాని మొహం నేనెప్పుడూ చూడని విధంగా ఉంది. తావ్ మాత్రం, "గురక పాఠం మా నాన్న మీదే రాశారు," అన్నాడు.

ఫలితాలు జూన్లో వచ్చాయి. చియూకి సీటు వచ్చింది. తావ్‌కి రాలేదు. సూహుయికి ఇంగ్లీషులో చియూ కంటే ఎక్కువ వచ్చాయి, లెక్కల్లో పోయింది.

పరీక్షలో లెక్కలు కూడా ఉన్నాయని అందరూ మరిచిపోయారు. నేను కూడా.

సూహుయి ఏడవలేదు. పలక ఒళ్ళో పెట్టుకుని, దాని అంచులు తడుముతూ కూర్చుంది. నేను దగ్గరికి వెళ్తే, "కాసేపు ఉండమ్మా," అంది. కొట్టుకి వచ్చినవాళ్ళెవరూ ఆ రోజు గట్టిగా మాట్లాడలేదు. లూ తిని, తన గిన్నె తనే కడిగి వెళ్ళాడు.

సాయంత్రం బావగారు వచ్చారు. ఈసారి కర్ర చప్పుడు లేదు. కూర్చుని, నేనిచ్చిన టీ తాగారు. మెత్తగానే మాట్లాడారు, అదే ఎక్కువ కష్టంగా ఉంది.

"జరిగిందేదో జరిగింది. నేను కోపంలో అన్నవి పట్టించుకోకండి. చాంగ్‌షాలో ఇంకో సీటు అడిగి పెట్టాను. పిల్ల శరత్కాలంలో బయల్దేరితే సరిపోతుంది. చాంగ్‌గెన్, నువ్వే తీసుకెళ్ళి దింపు."

నేను నోరు తెరిచేలోపు మా ఆయన గరిటె కింద పెట్టాడు.

"అన్నయ్యా, పిల్ల వచ్చే ఏడు మళ్ళీ రాస్తుంది."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అన్నయ్య మాటకి ఎదురు చెప్పడం నేను వినలేదు. ఇది కూడా ఎదురు చెప్పినట్టు అనలేదు. రేపు ఎముకలు ఎక్కువ తేవాలి అన్నట్టు అన్నాడు.

"మళ్ళీ పోతే?" అన్నారు బావగారు.

"చియూకి వచ్చింది కదా. మీ దుకాణంలోంచే వెళ్ళింది."

బావగారు కప్పు కింద పెట్టారు. తర్వాత లేచారు. మెట్టు దగ్గర మా ఆయన చెయ్యి అందించబోతే విదిలించుకున్నారు. గది తాళం చెవి మాత్రం మా బల్ల మీద వదిలి వెళ్ళారు. మరిచిపోయారో, కావాలనే వదిలారో మేం అడగలేదు. నేను ఆ గది తెరవలేదు. అప్పటికి వీధే అలవాటైంది, పైగా గదిలో అంతమంది పట్టరు.

ఎందుకంటే జూలై ఎండలు మొదలయ్యేసరికి రేకు కింద సూహుయి, తావ్ ఇద్దరే లేరు. చియూ వెళ్తోందన్న వార్త బడిలో పాకిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని, వరసగా, వంతెన దాటి వచ్చేవాళ్ళు. స్టూళ్ళు చాలక బియ్యం బస్తాలు వేశాను. లెక్కల పుస్తకం లూ తెచ్చిచ్చాడు. వాళ్ళబ్బాయిదట, ఎలాగూ తెరవడట. పొద్దున లెక్కలు మా ఆయన చెప్పేవాడు, అంటే అంకెలు చదివేవాడు. మధ్యాహ్నం ఇంగ్లీషు నేను.

ఒకరోజు మంచి ఎండలో హెడ్‌మాస్టరు వచ్చాడు. నుదుటి మీద చేతిరుమాలు పెట్టుకుని, పిల్లల్ని చూసి వీధి మధ్యలోనే ఆగిపోయాడు. పిల్లలకి ఆయన బూట్ల చప్పుడు తెలుసు. పుల్లలన్నీ ఒక్కసారి ఆగాయి.

"యూన్‌లాన్‌గారూ," అన్నాడు, "సెలవుల్లో మా పిల్లల్ని బడికి చెప్పకుండా ఇలా వీధిలో కూర్చోబెట్టడం ఏమిటి? ఏదన్నా జరిగితే బాధ్యత ఎవరిది? ఇది వెంటనే ఆపండి. నేను మీతో మాట్లాడాలి."

నా వేలు పేజీ మీద ఒక మాట మొదట్లో ఉంది. తేనెటీగలు దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయో చెప్పే పాఠమని తర్వాత తెలిసింది.

"మాట్లాడదాం సార్," అన్నాను. "వాక్యం మధ్యలో ఉన్నారు పిల్లలు. చుక్క దాకా ఆగండి."

ఆయన చుట్టూ చూశాడు. మా ఆయన లోపలి నుంచి ఒక స్టూలు తెచ్చి ఆయన పక్కన పెట్టి, పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయన కూర్చోలేదు. నిలబడే ఉన్నాడు.

"ఆర్," అన్నాను పిల్లలతో. "ఇ. ఎం. ఇ. ఎం. బి."

ఒక పుల్ల గుచ్చిన చప్పుడు వినిపించింది. తర్వాత ఇంకొకటి. తర్వాత అన్నీ.

ఆ వాక్యం చాలా పొడుగ్గా ఉంది. నేను ఒక్క అక్షరం కూడా తొందరపడలేదు.